పెద్దపేగు, పురీషనాళం ఆపరేషన్: తేదీ ఇచ్చిన రోజు నుంచి ఇంటికొచ్చాక ఆరు వారాల దాకా ఏం చేయాలి

ఆపరేషన్ తేదీ చేతికి రాగానే అందరూ అడిగేది ఒకటే: కడుపు శుభ్రం చేసే పౌడర్ ఎలా తాగాలి? దాని వివరం ఆరో భాగంలో ఉంది. కానీ ఆపరేషన్ చివరి నిమిషంలో వాయిదా పడిందంటే కారణం పౌడర్ కావడం అరుదు. ఆపాల్సిన మాత్ర ఆపకపోవడం, రక్తం తక్కువగా ఉండటం, షుగర్ అదుపులో లేకపోవడం, ఇవే ఎక్కువ. అందుకే పౌడర్ కన్నా ముందు చేయాల్సిన పనుల గురించే ఇక్కడ ఎక్కువ రాశాం.

ఇది ముందుగా తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్ల కోసం: పెద్దపేగులో గడ్డ, పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్, పేగులో కొంత భాగం తీసేయాల్సిన ఇతర జబ్బులు. కడుపు ఉబ్బి, గాలి కూడా పోకుండా, వాంతులవుతుంటే అది పేగు మూసుకుపోయిన లక్షణం కావచ్చు. అప్పుడు పౌడర్ గానీ విరేచనాల మందు గానీ తాగకూడదు. 108కి ఫోన్ చేసి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

1. ఫైలు కట్టడం

శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు వైపు నుంచి విశాఖ వచ్చేవాళ్లకు ఒక్క కాగితం మరిచినా ఒక రోజు పోతుంది. కేజీహెచ్ ఒక మూల, హనుమంతవాక దగ్గర విమ్స్ ఒక మూల, హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి గాజువాక దాటాక అగనంపూడిలో. ఆటోలో వెనక్కి వెళ్లి తెచ్చుకునే దూరాలు కావు.

ఒకే ఫైలులో ఇవి ఉండాలి:

- కొలనోస్కోపీ రిపోర్టు, ఫొటోలతో సహా
- బయాప్సీ రిపోర్టు. క్యాన్సర్ అయితే స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకోండి. వేరే ఆసుపత్రిలో మళ్లీ చూస్తామంటారు
- కడుపు, ఛాతీ సీటీ స్కాన్. పురీషనాళం గడ్డ అయితే ఎంఆర్ఐ కూడా. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, సీడీ కావాలి
- రక్తపరీక్షలు: హిమోగ్లోబిన్, క్రియాటినిన్, సోడియం–పొటాషియం, అల్బుమిన్, షుగర్ మూడు నెలల సగటు, రక్తం గడ్డకట్టే పరీక్ష, క్యాన్సర్ అయితే సీఈఏ (క్యాన్సర్ తీరు తెలిపే రక్తపరీక్ష)
- ఈసీజీ, డాక్టర్ అడిగితే ఎకో
- పాత ఆపరేషన్ల డిశ్చార్జ్ కాగితాలు
- ఆధార్, రేషన్ కార్డు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకునేవాళ్లు ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవాలి. అనుమతి వచ్చాకే తేదీ ఖాయమవుతుంది

రక్తం ఎక్కించాల్సి వస్తే దాతలను తీసుకురమ్మంటారు. ఎవరొస్తారో ఇద్దరి పేర్లు ముందే అనుకుని ఉంచుకోండి.

2. మిగిలిన వారాలు: రక్తం, షుగర్, ఊపిరి

పెద్దపేగు గడ్డ కంటికి కనపడకుండా రక్తం కారుస్తూ ఉంటుంది. అందుకే చాలామంది రక్తహీనతతోనే ఆపరేషన్ దాకా వస్తారు. హిమోగ్లోబిన్ తక్కువుంటే తేదీ తెలిసిన రోజే చెప్పాలి. ఐరన్ మాత్రలకు వారాలు పడుతుంది. వ్యవధి లేకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని టీతో వేసుకోవద్దు, ఒంటికి పట్టదు. పౌడర్ తాగే రోజుకు వారం ముందు ఐరన్ మాత్ర ఆపమంటారు. ఆపకపోతే విరేచనం నల్లగా, జిగురుగా మారి పేగు సరిగ్గా శుభ్రపడదు.

షుగర్ మూడు నెలల సగటు 8 దాటి ఉంటే కుట్లు మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే భయం పెరుగుతుంది. మత్తు డాక్టర్ అడిగేదాకా ఆగకుండా షుగర్ డాక్టర్‌ను ముందే కలవండి.

మాంసకృత్తులు రోజుకు శరీర బరువు కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములన్నమాట. గుడ్డులో సుమారు 6 గ్రాములు, పావులీటరు పాలలో 8, వంద గ్రాముల వంజరం ముక్కలో 20 దాకా ఉంటాయి. ఆపరేషన్ ముందు పథ్యమని చేపా గుడ్డూ మానేసి చారన్నంతో సరిపెట్టడం మన ఇళ్లలో మామూలే. అది తిరగబడుతుంది. అతుకు (కొంత భాగం తీసేశాక పేగు కొసలు కలిపి కుట్టిన చోటు) మానేది ఈ మాంసకృత్తులతోనే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టర్‌ను అడగాలి.

బీడీ, సిగరెట్, చుట్ట కనీసం నాలుగు వారాల ముందు మానాలి. మద్యం కూడా అంతే. రోజూ తాగే అలవాటుంటే డాక్టర్‌తో దాచకండి. చెప్పకుండా ఒక్కసారిగా మానితే ఆపరేషన్ అయిన రెండో రోజో మూడో రోజో వణుకు, మతి తప్పడం మొదలవుతాయి. వార్డులో అది వేరే జబ్బులా కనిపిస్తుంది.

మూడు బంతుల ఊపిరి పరికరం ముందే కొని ఇంట్లో అలవాటు చేసుకోండి. దాన్ని ఊదకూడదు, పీల్చాలి. నెమ్మదిగా పీల్చి, బంతిని మూడు సెకన్లు పైన నిలపాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పది సార్లు. ఆపరేషన్ అయ్యాక కడుపు నొప్పితో కొత్తగా నేర్చుకోవడం కష్టం.

3. మాత్రల జాబితా: ఎక్కువ పొరపాట్లు ఇక్కడే

వేసుకునే ప్రతి మందూ ఒక తెల్లకాగితం మీద రాయండి: పేరు, మోతాదు, ఏ పూట. “బీపీకి తెల్ల బిళ్ల” అంటే ఎవరికీ అర్థం కాదు. స్ట్రిప్పులన్నీ కవర్లో వేసి తీసుకెళ్లండి. నాటు మందు, లేహ్యం, చూర్ణం, మోకాళ్ల నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర, అన్నీ అందులో ఉండాలి.

సాధారణంగా పాటించే పద్ధతి ఇది. మీ విషయంలో చివరి మాట మత్తు డాక్టర్‌ది, గుండె డాక్టర్‌ది.

- క్లోపిడోగ్రెల్: 5 నుంచి 7 రోజుల ముందు ఆపుతారు. స్టెంట్ వేయించుకున్నవాళ్లు సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. గుండె డాక్టర్ రాతపూర్వకంగా చెప్పాలి.
- ఆస్పిరిన్: చాలాసార్లు కొనసాగిస్తారు. అడగకుండా ఆపకండి.
- వార్ఫరిన్: 5 రోజుల ముందు ఆపి రక్తపరీక్ష చూస్తారు. కొందరికి మధ్యలో ఇంజెక్షన్ ఇస్తారు.
- అపిక్సబాన్, రివరోక్సబాన్: 2 నుంచి 3 రోజుల ముందు. కిడ్నీ పనితీరును బట్టి మారుతుంది.
- డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్: కనీసం 3 రోజుల ముందు. దీని గురించి కింద రాశాం.
- మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్: ఆపరేషన్ ఉదయం వేసుకోరు. పౌడర్ తాగే రోజు అన్నం ఉండదు కాబట్టి ఆ రోజు మోతాదు కూడా అడగాలి.
- ఇన్సులిన్: పూర్తిగా మానకూడదు, మోతాదు తగ్గిస్తారు. ఎన్ని యూనిట్లో కాగితం మీద రాయించుకోండి.
- పేరు చివర “ప్రిల్”, “సార్టాన్” ఉన్న బీపీ మాత్రలు: చాలాచోట్ల 24 గంటల ముందు ఆపమంటారు.
- పేరు చివర “లాల్” ఉన్న గుండె, బీపీ మాత్రలు, థైరాయిడ్ మాత్ర, ఫిట్స్ మాత్ర: ఆపరేషన్ ఉదయం కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి.
- వారానికోసారి వేసుకునే షుగర్, బరువు తగ్గే ఇంజెక్షన్: తప్పక చెప్పండి. కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది, మత్తు ఇచ్చేటప్పుడు అది ప్రమాదం.
- నాటు మందులు: రెండు వారాల ముందు ఆపేయడం మంచిది.

డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు మూత్రంలోంచి షుగర్‌ను బయటకు పంపుతాయి. తిండి మానేసి, పౌడర్‌తో నీరంతా పోయిన మనిషిలో ఇవి రక్తాన్ని ఆమ్లంగా మార్చగలవు. ఆ సమయంలో షుగర్ మీటర్లో అంకె మామూలుగానే కనిపించవచ్చు, అందుకే వెంటనే పట్టుబడదు. ఇవి మెట్‌ఫార్మిన్‌తోనో మరో మందుతోనో కలిపి ఒకే బిళ్లగానూ వస్తాయి. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లన్నీ చదివించండి.

4. కడుపు మీద సంచి అవసరం ఉంటే: గుర్తు ముందే పెట్టించుకోండి

పురీషనాళం కిందిభాగం ఆపరేషన్లలో అతుకు మానేదాకా తాత్కాలికంగానో, కొన్నిసార్లు శాశ్వతంగానో పేగును కడుపు గోడ మీదకు తెచ్చి సంచి తగిలిస్తారు. “సంచి పెడతారా?” అని అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అడిగి తీరాలి. తాత్కాలికమా, ఎన్ని నెలలు, తీయడానికి మళ్లీ ఆపరేషన్ ఎప్పుడు, ఈ మూడింటికీ జవాబు తీసుకోండి.

సంచి వస్తుందన్నప్పుడు అది ఎక్కడ రావాలో ఆపరేషన్‌కు ముందే పెన్నుతో గుర్తు పెట్టాలి. పడుకోబెట్టి మాత్రమే పెట్టిన గుర్తు చాలదు. పడుకున్నప్పుడు నున్నగా ఉన్న పొట్ట కూర్చోగానే మడత పడుతుంది. ఆ మడతలో సంచి అంటుకోదు.

గుర్తు పెట్టించుకునే రోజు రోజూ కట్టుకునే బట్టలతోనే వెళ్లండి. చీర కుచ్చిళ్లు దోపే చోటు, లంగా బొందు, లుంగీ ముడి, ప్యాంటు బెల్టు, మొలతాడు, ఇవి ఎక్కడ పడతాయో చూపించండి. తర్వాత నాలుగు పనులు చేయండి: నిలబడండి, కుర్చీలో కూర్చోండి, నేల మీద బాసింపట్టు వేయండి, ముందుకు వంగండి. ప్రతిసారీ ఆ గుర్తు మీ కంటికి మీకే కనపడాలి, మీ చేయి దానికి అందాలి. పాత కుట్టు మచ్చకు, బొడ్డుకు, తుంటి ఎముకకు దూరంగా ఉండాలి. పొట్ట బాగా ఉన్నవాళ్లకు బొడ్డు కింద పెడితే మనిషికి కనపడదు, అలాంటివాళ్లకు పైన పెడతారు.

ఈ పావుగంట పని వదిలేస్తే తర్వాత నెలల తరబడి లీకులు, పుండ్లు తప్పవు. మరిచిపోతే గుర్తు చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

5. చివరి మూడు రోజుల తిండి

పీచు, గింజలు, తొక్కలు తగ్గించాలి.

తినదగినవి: తెల్లన్నం, ఇడ్లీ, పెరుగన్నం, తొక్క తీసి మెత్తగా ఉడికించిన ఆనపకాయ, బంగాళదుంప, గుడ్డు, ఉడికించిన చేప, వడకట్టిన చారు.

మానాల్సినవి: ఆకుకూరలు, ములక్కాడ, వంకాయ, టమాటా గింజలు, జామ, పనస, పచ్చికొబ్బరి, వేరుశనగలు, రాగులు, ముడిబియ్యం, ఆవకాయ.

6. పౌడర్ తాగే రోజు

అన్ని ఆపరేషన్లకూ పౌడర్ ఉండదు. కుడివైపు పెద్దపేగు ఆపరేషన్లకు కొందరు సర్జన్లు అవసరం లేదంటారు. పక్కమంచం వాళ్లకు ఇచ్చారు, మాకు ఇవ్వలేదేమని కంగారు పడొద్దు, సొంతంగా కొని తాగొద్దు.

దూరం నుంచి వచ్చేవాళ్లకు ముఖ్యమైన మాట: ఇంట్లో తాగి బస్సెక్కకండి. పాడేరు ఘాట్ రోడ్డులో ఆ అవస్థ ఊహించుకోండి. ముందురోజే విశాఖ చేరి ఆసుపత్రిలో చేరండి, లేదా దగ్గర్లో గదిలో దిగండి. గదికి సొంత బాత్రూమ్, వీలైతే కమోడ్ ఉండాలి.

ఆ రోజు ఉదయం నుంచి పారదర్శకమైన ద్రవాలే: కొబ్బరినీళ్లు, వడకట్టిన బార్లీ నీళ్లు, ఓఆర్ఎస్, పాలు లేని టీ, వడకట్టిన ఆపిల్ రసం. మజ్జిగ పలచగా ఉన్నా లెక్కలోకి రాదు. ఎర్ర రంగు పానీయాలు వద్దు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు కొబ్బరినీళ్లలోని పొటాషియం ఇబ్బంది, అడిగి తాగాలి.

తాగే పద్ధతి:

1. మన దగ్గర ఎక్కువగా ఇచ్చే పాలీఇథిలీన్ గ్లైకాల్ ప్యాకెట్ 137.15 గ్రాములది. దాన్ని సరిగ్గా 2 లీటర్ల కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. వేరే బ్రాండుకు కొలత వేరుగా ఉండొచ్చు, ప్యాకెట్ మీద చూడండి.
2. లీటరు సీసాలు రెండు తీసుకుని కలిపితే కొలత తప్పదు. పౌడర్ పూర్తిగా కరిగేదాకా ఊపండి.
3. ఫ్రిజ్‌లో గంట పెడితే ఆ ఉప్పదనం తెలియదు. పంచదార, పాలు కలపకండి.
4. ఆసుపత్రి చెప్పిన సమయానికి మొదలుపెట్టి 10–15 నిమిషాలకొక 250 మి.లీ. గ్లాసు తాగాలి. రెండు గంటల్లో అయిపోతుంది.
5. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య గదిలో అటూ ఇటూ నడవండి. కూర్చుంటే కడుపు బిగుసుకుంటుంది.
6. వికారం వస్తే అరగంట ఆపి, తగ్గాక చిన్న గుక్కలతో మళ్లీ మొదలుపెట్టండి. వాంతి మాత్ర ముందే రాయించుకుని ఉంచుకోండి.
7. యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చి ఉంటే రాసిన గంటకే వేసుకోవాలి. పేగులోని సూక్ష్మక్రిములను తగ్గించి కుట్టులో చీము పట్టకుండా చూసేది అవే. పౌడర్ పూర్తిగా తాగి ఇవి మానేస్తే సగం పనే అయినట్టు.

చివరకు విరేచనం ముక్కలు లేకుండా, లేత పసుపు నీళ్లలా రావాలి. గోధుమ రంగు నీళ్లు, తరకలు ఇంకా వస్తుంటే దాచకుండా నర్సుకు చెప్పండి.

| ఏం తప్పుతుంది | ఏం చేయాలి |
|---|---|
| లీటరు నీళ్లలోనే కలిపేశారు | ఇంకా తాగకపోతే మరో లీటరు కలపండి. తాగేసి ఉంటే ఫోన్ చేయండి |
| తాగి రెండు గంటలైనా కదలిక లేదు, కడుపు ఉబ్బి నొప్పి | ఆపేయండి, వెంటనే ఆసుపత్రికి చెప్పండి |
| తాగింది వాంతైపోయింది | మళ్లీ కొత్త ప్యాకెట్ కలపకండి, ఎంత పోయిందో చెప్పి అడగండి |
| నీరసమని రాత్రి కాస్త ఉప్మా పెట్టారు | ఉదయం మత్తు డాక్టర్‌కు నిజం చెప్పండి |
| మలద్వారం మంట | కాగితంతో రుద్దకుండా నీళ్లతో కడిగి, అద్ది, పెట్రోలియం జెల్లీ రాయండి |

పెద్దవాళ్లను ఆ రాత్రి ఒంటరిగా బాత్రూమ్‌కు పంపొద్దు. నీరసం, తడి నేల, చీకటి కలిస్తే తుంటి విరగడానికి ఇంకేం అక్కర్లేదు. లైటు వేసి ఉంచండి, తలుపు గడియ పెట్టనివ్వకండి. సోడియం ఫాస్ఫేట్ రకం మందు కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లకు హాని చేయగలదు. షాపులో “ఇది చిన్న సీసా, తేలిక” అని ఇచ్చినా మార్చుకోకండి.

7. ముందురాత్రి, ఆ ఉదయం

- రాత్రీ ఉదయం సబ్బుతో తలంటకుండా ఒళ్లంతా స్నానం. ఆసుపత్రి ద్రావణం ఇస్తే దానితో. బొడ్డులో బాగా శుభ్రం చేయాలి
- కడుపు మీద వెంట్రుకలు బ్లేడుతో గీయకండి. కంటికి కనపడని గాట్లలోంచే చీము పడుతుంది. అవసరమైతే వాళ్లే క్లిప్పర్‌తో తీస్తారు
- ఘనాహారం 6 గంటల ముందు బంద్ అన్నది సాధారణ నియమం. పౌడర్ తాగినవాళ్లకు అది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. పారదర్శక ద్రవాలు చాలాచోట్ల 2 గంటల ముందు దాకా ఇస్తారు, మీ ఆసుపత్రి చెప్పిన సమయమే పాటించండి
- గోళ్ల రంగు, మెట్టెలు, ముక్కుపుడక, కట్టుడు పళ్లు, మొలతాడు తీసేయాలి. బంగారం ఇంట్లోనే ఉంచి రండి

8. వార్డులో

ఆ సాయంత్రమే మంచం మీద కూర్చోబెడతారు, మర్నాడు నడిపిస్తారు. “పచ్చి కుట్లు, కదలొద్దు” అనే చుట్టాల మాట ఇక్కడ వినకూడదు. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, పేగు కదలిక ఆలస్యమవుతుంది. దగ్గేటప్పుడు చిన్న దిండును కుట్టు మీద గట్టిగా అదుముకోండి. నొప్పి భరించి గొప్ప చూపించాల్సిన పని లేదు. మందు వేసుకుని నడవడమే లాభం.

అతుకు లీకయితే ఎక్కువగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య తెలుస్తుంది, కొందరికి ఇంటికెళ్లాక. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం, జ్వరం, గుండె దడ, కడుపు ఉబ్బడం, మనిషి ఏదో తేడాగా ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఉదయం రౌండ్స్ దాకా ఆగకండి.

9. సంచి మార్చడం

డిశ్చార్జ్‌కు ముందు ఇంట్లో ఇద్దరు నర్సు ముందే ఒక్కోసారి స్వయంగా మార్చి చూడాలి. చూస్తూ నేర్చుకున్నది ఇంటికొచ్చాక గుర్తుండదు.

1. ఉదయం ఏమీ తినకముందు మార్చండి, అప్పుడు పేగు కాస్త నెమ్మదిగా ఉంటుంది.
2. పాతది పైనుంచి కిందికి, చర్మాన్ని ఒక చేత్తో నొక్కిపట్టి నెమ్మదిగా ఊడదీయండి.
3. గోరువెచ్చని నీళ్లు, మెత్తని నూలుగుడ్డ చాలు. డెట్టాల్, స్పిరిట్ వద్దు. కొబ్బరినూనె రాస్తే సంచి అంటుకోదు.
4. చర్మం పూర్తిగా ఆరాలి. విశాఖ ఉక్కలో ఇదే కష్టం. ఫ్యాను కింద అయిదు నిమిషాలు కూర్చుని, చెమట లేదని చేత్తో చూసుకున్నాకే అంటించండి.
5. కొలత అట్టతో పేగు ఎంత వెడల్పుందో చూసి, సంచి అంటుకునే పట్టీలో రంధ్రాన్ని దానికన్నా 2–3 మి.మీ. ఎక్కువగా కత్తిరించండి. వదులైతే చర్మం కాలుతుంది. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు పేగు వాపు తగ్గుతూ ఉంటుంది, ప్రతి వారం కొలవాలి.
6. అంటించే ముందు పట్టీని అరచేతుల మధ్య నిమిషం వేడిచేసి, అంటించాక ఒకట్రెండు నిమిషాలు అదిమి ఉంచండి.

మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. మూడు నాలుగు రోజులకోసారి మార్చడం మామూలు, లీకయితే అప్పుడే. లీకు మీద ప్లాస్టర్ అంటించి నెట్టుకురావద్దు. రాత్రికి రాత్రే చర్మం ఒరుసుకుపోతుంది. సంచులు స్కూటర్ డిక్కీలో ఉంచితే ఎండకు జిగురు కరిగిపోతుంది. కేజీహెచ్ చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. ఏజెన్సీ ఊళ్లవాళ్లు నెలకు సరిపడా తీసుకెళ్లండి.

పేగు ఎర్రగా, తడిగా ఉండాలి. తుడిచేటప్పుడు చుక్క రక్తం రావడం ప్రమాదం కాదు. ఊదా రంగులోకో నలుపులోకో మారితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చిన్నపేగు సంచి అయితే రోజంతా ఎంత వస్తోందో కొలత గ్లాసుతో రాసి పెట్టండి. 500 నుంచి 800 మి.లీ. మామూలు. 1500 దాటితే ఫోన్ చేయాలి. దాహమని మంచినీళ్లే తాగుతూ పోతే సంచిలోకి ఇంకా పోతుంది. లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి గుక్క గుక్కగా తాగండి. అన్నం, అరటిపండు, సగ్గుబియ్యం చిక్కబరుస్తాయి. కొబ్బరి, మొక్కజొన్న, పుట్టగొడుగులు, ములక్కాడ పిప్పి అడ్డుపడతాయి. మాత్ర కరగకుండా సంచిలో అలాగే కనిపిస్తే డాక్టర్‌కు చెప్పండి, రకం మార్చాలి.

10. ఇంటికొచ్చాక ఆరు వారాలు

నాలుగైదు కిలోలు దాటిన బరువు ఎత్తొద్దు. నిండు బకెట్, గ్యాస్ బండ, 20 లీటర్ల నీళ్ల టిన్ను, మనవడు, ఏదీ వద్దు. బండి నడపాలంటే నొప్పి లేకుండా గట్టిగా బ్రేక్ వేయగలగాలి. అందుకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

పురీషనాళంలో అతుకు వేసినవాళ్లకు మలబద్ధకం వచ్చినా ఎనీమా గానీ, మలద్వారంలో పెట్టే మాత్ర గానీ సర్జన్ చెప్పకుండా వాడకూడదు, అతుకు చిరగవచ్చు. రోజుకు చాలాసార్లు వెళ్లాల్సి రావడం, ఆపుకోలేకపోవడం నెలల పాటు ఉండొచ్చు. ఎన్నిసార్లు వెళ్తున్నారో రాసుకుని చూపిస్తే మందు, వ్యాయామం చెబుతారు.

క్యాన్సర్ ఆపరేషన్ అయితే రక్తం గడ్డకట్టకుండా పొట్ట కొవ్వులో ఇచ్చే ఇంజెక్షన్ కొందరికి 28 రోజులు రాస్తారు. డిశ్చార్జ్ సమయంలోనే ఎవరు ఇస్తారో తేల్చుకోండి.

ఫోన్ చేయాల్సినవి:

- 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, వణుకు
- కుట్టు దగ్గర ఎర్రబడటం, చీము
- ఆగని వాంతులు, చిన్నపేగు సంచిలోకి 6 గంటలుగా ఏమీ రాకపోవడం
- ఒక పిక్క వాపు, నొప్పి
- మూత్రం బాగా తగ్గడం, లేస్తే కళ్లు తిరగడం

ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే మాత్రం నేరుగా 108.

తీసిన పేగు బయాప్సీ రిపోర్టు ఎప్పుడొస్తుందో డిశ్చార్జ్ రోజే అడగండి. వచ్చాక రెండు సంగతులు చూడమనండి: అంచుల్లో గడ్డ మిగిలిందా, గడ్డ చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులు ఎన్ని పరీక్షించారు. పెద్దపేగు క్యాన్సర్‌లో కనీసం 12 గ్రంథులు చూడాలన్నది ప్రమాణం. కీమో అవసరమైతే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు మొదలుపెడతారు. కుట్లు మానాయి కదా అని రిపోర్టు తీసుకోకుండా ఊళ్లో ఉండిపోతే ఆ గడువు దాటిపోతుంది.